విజ్ఞాన సర్వస్వానికి శ్రమదానం: వచ్చినవారు నిలిచేదెలా?

1923 జూలై నెలలో మద్రాసు నగరంలో కొమర్రాజు వెంకట లక్ష్మణరావు పంతులుగారు కన్నుమూశారు. అప్పటికి వారి వయస్సు 46 సంవత్సరాలు మాత్రమే. శాస్త్రాలనూ, కళలనూ, చరిత్రనూ అకారాది క్రమంలో తెలుగులో వివరించే 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము' నిర్మాణానికి వారు తమ చివరి సంవత్సరాలను ధారపోశారు. బృహత్ సంపుటాలు మూడు వెలువడినాయి. అయినా ఆ గ్రంథం 'అ' అనే తొలి అక్షరం దగ్గరనే నిలిచిపోయింది. తదనంతరం 'ఆంధ్రపత్రిక' స్థాపకులు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు ఆ భారాన్ని తలకెత్తుకొన్నారు. 1938లో వారూ అస్తమించారు. సహాయకులు లేకపోలేదు. కాని బరువంతా ఒకరిద్దరు మహనీయుల భుజాలమీదనే నిలిచింది. ఆ భుజాలు వాలినప్పుడు పని కూడా వాలింది.

దాదాపు అదే కాలంలో ఆంగ్లదేశంలో మరొక మహాకార్యం సాగుతూ ఉండేది. అది ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు. దానికి ప్రధాన సంపాదకుడైన జేమ్స్ మర్రే కూడా గ్రంథం పూర్తి కాకుండానే 1915లో మరణించాడు. అయినా 1928 నాటికి నిఘంటువు చివరి అక్షరం దాకా పూర్తయింది. దాని వెనుక విశ్వవిద్యాలయ ముద్రణాలయం పెట్టిన ధనమూ, జీతం పుచ్చుకొనే సిబ్బందీ ఉన్న మాట నిజమే. కాని ఆ సిబ్బంది చేతికి ముడిసరుకును అందించినవారు ఏ జీతమూ ఆశించని వేలాది పాఠకులు. వారు అర్ధ శతాబ్దికి పైగా ఆ పనిని వదలలేదు.

నేడు ఇంటర్నెట్ ద్వారా సాగే సామూహిక విజ్ఞాన నిర్మాణానికి, అంటే వికీపీడియా వంటి సర్వస్వాలకూ, ప్రజల సహాయంతో జరిగే శాస్త్ర పరిశోధనలకూ, ఇదే ప్రశ్న ప్రాణప్రశ్న అయినది. స్వచ్ఛంద సేవకులు ఎందుకు వస్తారు? వచ్చినవారు ఎందుకు వెళ్ళిపోతారు? ఎవరు, ఏమి చేస్తే నిలుస్తారు? ఈ విషయంలో గత ఇరవై ఏళ్ళలో ఊహాగానాలు పోయి, లెక్కలతోనూ ప్రయోగాలతోనూ కూడిన పరిజ్ఞానం కొంత సమకూడింది. ఏ దేశంలో ఉన్నా ఏదో ఒక తెలుగు సంఘానికి తీరిక వేళలను అర్పిస్తున్న కుటుంబాలకు ఈ పరిజ్ఞానం ఆసక్తికరంగా ఉండగలదు.

ఎలుకలు కాపురమున్న సంచి

ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకు సంకల్పం 1857లో జరిగింది. పుస్తకాలు చదివి, పదం వాడిన వాక్యాన్ని చీటీ మీద వ్రాసి పంపవలసిందిగా ప్రజలను కోరారు. ఉత్సాహవంతులు వచ్చారు, చీటీలు వచ్చాయి. ఆపైన వాటి ఆలనాపాలనా చూసేవారు కరువయ్యారు. 1879లో మర్రే బాధ్యత స్వీకరించి పాత చీటీలను రప్పించుకొన్నప్పుడు కనిపించిన దృశ్యం శోచనీయం. ఒక సంచిలో ఎలుకలు కాపురం పెట్టి ఉన్నాయి. ఒక అక్షరానికి చెందిన చీటీలు ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో తేలాయి. మరికొన్ని ఐర్లండులో ఒక గుర్రపుసాలలో దొరికాయి. అప్పటికే వాటిలో చాలా భాగం పొయ్యి రాజవేయడానికి ఉపయోగపడిపోయింది. తమ శ్రమ ఎక్కడికి పోయిందో తెలియని సేవకులు క్రమంగా మానుకొన్నారు.

మర్రే చేసిన మార్పులు చూడడానికి చాలా చిన్నవి. తన ఇంటి తోటలో ఇనుప రేకులతో ఒక గది కట్టించి, వెయ్యికి పైగా గూళ్ళున్న బీరువాలు అమర్చాడు. వచ్చిన ప్రతి చీటీకి ఒక చోటు ఏర్పడింది. ప్రజలకు కొత్తగా ఒక విజ్ఞప్తిని ముద్రించి పంచాడు. "ఏదైనా పంపండి" అని ఊరుకోకుండా, ఏ పుస్తకాలు చదవవలసి ఉన్నదో, ఏ పదాలకు ఉదాహరణలు కావలసి ఉన్నవో పట్టికలు వేసి తెలియజేశాడు. లెక్కకు మిక్కిలిగా ఉత్తరాలు వ్రాశాడు. వచ్చిన ఉత్తరాలకు జవాబులిచ్చాడు. సంపుటాల పీఠికలలో సేవకుల పేర్లను కృతజ్ఞతతో ప్రకటించాడు. ఆయన ఆక్స్‌ఫర్డుకు మకాం మార్చినప్పుడు ఉత్తరాల తాకిడి చూసి తపాలా శాఖవారు ఆయన ఇంటి ముందరనే ఒక తపాలా పెట్టెను నెలకొల్పారు.

ఆ సేవకులలో విలియం మైనర్ అనే అమెరికన్ సైనిక వైద్యుని కథ లోకప్రసిద్ధం. మతిచాంచల్యంతో హత్య చేసి, బ్రాడ్‌మూర్ మానసిక చికిత్సాలయంలో నిర్బంధంలో ఉన్న వ్యక్తి ఆయన. తన గదిలోని పుస్తకాలలో ఏ పదం ఏ పుటలో ఉన్నదో సూచికలు తయారు చేసుకొని, సంపాదకులు ప్రస్తుతం ఏ పదం మీద పని చేస్తున్నారో అడిగి తెలుసుకొని, ఆ పదానికి కావలసిన వాక్యాలనే పంపేవాడు. తన శ్రమ మరునాటికే ఉపయోగపడుతున్నదన్న ఎరుక ఆయనను ఇరవై ఏళ్ళ వరకు ఆ పనిలో నిలబెట్టింది. ఇంటర్నెట్ పుట్టడానికి నూరేళ్ళ ముందే, సేవకులను నిలుపుకొనే విద్యకు మూలసూత్రాలు ఆ రేకుల గదిలో రూపు దిద్దుకొన్నాయని చెప్పవచ్చు.

గడప ఎత్తు తగ్గినప్పుడు

2000 సంవత్సరం మార్చి నెలలో అమెరికాలో జిమ్మీ వేల్స్, లారీ సాంగర్‌లు 'న్యూపీడియా' అనే ఉచిత విజ్ఞాన సర్వస్వాన్ని ఇంటర్నెట్‌లో ప్రారంభించారు. వ్యాసకర్తలు నిపుణులై ఉండాలన్నది వారి అభిలాష. ప్రతి వ్యాసమూ ఏడు అంచెల పరిశీలనను దాటవలసి ఉండేది. ఉద్దేశం ఉత్తమమైనదే, ఫలితం మాత్రం నిరాశాజనకం. 2003లో మూతపడే నాటికి పూర్తయిన వ్యాసాలు రెండు డజన్ల ప్రాంతంలోనే ఉన్నాయి.

ఆ న్యూపీడియాకు చిత్తుప్రతులు సమకూర్చే ఉద్దేశంతో 2001 జనవరి 15న ఎవరైనా వ్రాయగల, ఎవరైనా దిద్దగల వికీపీడియాను తెరిచారు. ఏడాది గడిచే సరికి అందులో సుమారు 20 వేల వ్యాసాలు పోగయ్యాయి. అవే మనుషులు, అదే ఆశయం, అదే భాష. మారినది గడప ఎత్తు ఒక్కటే.

రసాయన శాస్త్రం చదివినవారికి ఇది సుపరిచితమైన దృశ్యం. ఉదజని, ఆమ్లజని వాయువులను ఒక పాత్రలో కలిపి ఉంచితే, సాధారణ ఉష్ణోగ్రత వద్ద ఏమీ జరగదు. రెండూ కలిసి నీరు కావాలన్న మొగ్గు వాటికి బలంగానే ఉన్నది. అయినా చర్య మొదలు కావాలంటే అణువులు ముందుగా ఒక శక్తి గట్టును దాటవలసి ఉన్నది. దీనినే ఉత్తేజన శక్తి అంటారు. ప్లాటినం పొడి వంటి ఉత్ప్రేరకాన్ని చేరిస్తే ఆ గట్టు తగ్గి, అంతవరకు నిశ్చలంగా ఉన్న మిశ్రమంలో చర్య సాగుతుంది. ఉత్ప్రేరకం కొత్త కోరికను పుట్టించదు. ఉన్న కోరికకు దారి సుగమం చేస్తుంది. తమకు తెలిసినది పదిమందితో పంచుకోవాలన్న కోరిక మనుషులలో ఎన్నడూ ఉన్నదే. న్యూపీడియా ఏడు అంచెల గట్టు కట్టింది. వికీపీడియా దానిని పడగొట్టింది.

అయితే గట్టు లేని చోట మంచివారితో పాటు ఆకతాయిలు కూడా వస్తారు. 2005లో జాన్ సీగెన్‌థాలర్ అనే ప్రముఖ అమెరికన్ పాత్రికేయుని జీవిత చరిత్రలో ఎవరో ఘోరమైన అసత్యాన్ని చేర్చారు. అది నాలుగు నెలలకు పైగా ఎవరి కంటా పడకుండా నిలిచింది. ఆ అలజడి తరువాత, పేరు నమోదు చేసుకోనివారు కొత్త వ్యాసాలను సృష్టించే అవకాశాన్ని ఆంగ్ల వికీపీడియా తొలగించింది. దుశ్చేష్టలను నిమిషాలలో పట్టి తుడిచివేసే స్వయంచాలక ప్రోగ్రాములు వచ్చాయి. నియమావళి పెరిగింది. వీటిలో ఏ ఒక్కటీ అనవసరమని చెప్పలేము. కాని వాటికి చెల్లించిన మూల్యం తరువాత గాని తెలియలేదు.

చిల్లి కుండ

ఆంగ్ల వికీపీడియాలో చురుకుగా పనిచేసే సంపాదకుల సంఖ్య 2007లో 51 వేలు దాటింది. అదే పరాకాష్ఠ. అక్కడి నుండి క్రమంగా తగ్గి, 2013 నాటికి 31 వేలకు దిగింది. చదివేవారు పెరుగుతున్న కాలంలోనే వ్రాసేవారు ఇలా తగ్గారు. సులభమైన విషయాలన్నీ అప్పటికే వ్రాయబడినందువల్లనే ఇలా జరిగిందని కొందరూ, వచ్చేవారి నాణ్యం తగ్గిందని మరికొందరూ భావించారు.

ఆరన్ హాఫెకర్, మరి ముగ్గురు పరిశోధకులు కలిసి 2013లో ప్రకటించిన అధ్యయనం ఈ రెండవ ఊహకు ఆధారం లేదని తేల్చింది. కొత్తగా వచ్చినవారు చేసిన తొలి సవరణలను వారు పరిశీలించారు. సదుద్దేశంతో వచ్చేవారి పాలు ఆ సంవత్సరాలలో పెద్దగా తగ్గలేదు. మారినది వారికి లభించిన ఆదరణ. వారి తొలి సవరణలు మునుపటికంటె ఎక్కువగా తిరస్కరింపబడుతున్నాయి. ఆ తిరస్కారం తెలిపేది మనిషి కాదు. ప్రోగ్రాము పంపే ముద్రిత హెచ్చరిక. ఎందుకని అడుగుదామంటే వినే నాథుడు కనిపించడు. నియమాలను మార్చమని కోరదామంటే అవి పాతవారి చేతులలో గట్టిపడిపోయినవి. దుర్మార్గుని ఆపడానికి అల్లిన వల అమాయకుని కూడా పట్టుకొని బయటికి విసరివేసిందన్నమాట.

ఒక పాత్రలో నీటి మట్టం లోపలికి వచ్చే ధార మీద ఎంత ఆధారపడుతుందో, బయటికి కారే చిల్లి మీద అంతే ఆధారపడుతుంది. ధారను రెట్టింపు చేయడం ఖర్చుతో కూడిన పని. చిల్లిని పూడ్చడం చౌక, కాని ఎవరి దృష్టీ దానిమీదికి పోదు. ప్రచారానికీ, ప్రారంభోత్సవానికీ దొరికే ఉత్సాహం, నిన్న వచ్చిన మనిషికి నేడు ఒక జవాబు వ్రాయడానికి దొరకకపోవడం సర్వత్రా చూస్తున్నదే.

తిరస్కారానికి నష్టపోయేది రచయిత ఒక్కరే కాదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న డోనా స్ట్రిక్‌లండ్ అనే భౌతిక శాస్త్రవేత్తకు 2018 అక్టోబరు 2న నోబెల్ బహుమతి ప్రకటించారు. ఆనాటి ఉదయం ఆంగ్ల వికీపీడియాలో ఆమె గురించి ఒక్క వ్యాసం లేదు. ఆ ఏడాది మే నెలలోనే ఎవరో ఒక సేవకులు ఆమెపై చిత్తుప్రతిని వ్రాసి సమర్పించారు. ఆమె ప్రాముఖ్యానికి తగిన ఆధారాలు చూపలేదన్న కారణంతో దానిని నిరాకరించారు. పరిశీలకులు నియమాన్ని పాటించారు, అందులో దోషం ఎంచలేము. కాని "ఈ రెండు ఆధారాలు చేర్చితే సరిపోతుంది" అని దారి చూపి ఉన్నట్లయితే ఒక వ్యాసమూ, బహుశా ఒక సేవకుడో సేవకురాలో, దక్కి ఉండేవారు.

డబ్బు, కీర్తి, కృతజ్ఞత

సేవకులకు డబ్బు ఇస్తే సమస్య తీరదా అన్న ప్రశ్న సహజం. ఈ ప్రయోగం కూడా జరిగింది. గూగుల్ సంస్థ 2008 జూలైలో 'నోల్' అనే విజ్ఞాన వేదికను ప్రజలకు తెరిచింది. అందులో వ్యాసం వ్రాసినవారి పేరు ప్రముఖంగా కనిపిస్తుంది. ప్రకటనల ఆదాయంలో వారికి వాటా కూడా ఉన్నది. పేరూ ధనమూ రెండూ ఉన్న ఆ వేదిక 2012లో మూతపడింది; ఆ రెండూ లేని వికీపీడియా నిలిచింది. ఎవరి వ్యాసం వారిదే అయినప్పుడు ఒకరి తప్పును మరొకరు దిద్దే సంబంధం ఏర్పడదు. అద్దె ఇంటి పక్కవారికీ, ఉమ్మడి ఇంటి వారికీ ఉన్నంత తేడా అది.

మరి సేవకులను కదిలించేది ఏమిటి? 2007 జూలైలో ఆక్స్‌ఫర్డు ఖగోళ శాస్త్రజ్ఞులు 'గెలాక్సీ జూ' అనే పథకాన్ని ఆరంభించారు. దూరదర్శిని తీసిన దాదాపు పది లక్షల నక్షత్ర వీథుల ఛాయాచిత్రాలను చూసి, ఇది సర్పిలాకారమా, అండాకారమా అని చెప్పడమే సేవకుల పని. మొదటి ఏడాదిలోనే లక్షన్నర మంది కలిసి 5 కోట్ల వర్గీకరణలు చేశారు. వారిలో హాన్నీ అనే డచ్చి ఉపాధ్యాయిని ఎవరూ గుర్తించని ఒక వింత మేఘాన్ని చూసి, ఇదేమిటని అడిగింది. శాస్త్రజ్ఞులు ఆ ప్రశ్నను పట్టించుకొన్నారు. ఆ వస్తువు నేడు ఆమె పేరుతోనే ఖగోళశాస్త్రంలో ప్రసిద్ధం. పాల్గొనేవారిని వారి ప్రధాన ప్రేరణ ఏమిటని ప్రశ్నించినప్పుడు, నూటికి దాదాపు 40 మంది నిజమైన పరిశోధనకు తోడ్పడడమే అని జవాబిచ్చారు. అన్ని కారణాలలో అదే అగ్రస్థానంలో నిలిచింది.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం 2008లో 'ఫోల్డిట్' అనే కంప్యూటర్ ఆటను విడుదల చేసింది. మాంసకృత్తుల అణువులు ఏ ఆకారంలో ముడుచుకొంటాయో కనుగొనడమే ఆ ఆట. కోతులలో ఎయిడ్స్ వంటి వ్యాధిని కలిగించే ఒక వైరస్ ఎంజైము ఆకారం పదేళ్ళకు పైగా నిపుణులకు కొరుకుడు పడలేదు. 2011లో ఆటగాళ్ళు మూడు వారాలలో దానికి సరియైన నమూనాను అందించారు. వారిలో చాలామందికి జీవరసాయన శాస్త్రంలో శిక్షణ లేదు. ఆ పరిశోధన పత్రంలో ఆటగాళ్ళ బృందాలకు సహరచయితలుగా స్థానం దక్కింది.

కృతజ్ఞత శక్తిని కూడా తూచి చూశారు. ఆంగ్ల వికీపీడియాలో అత్యధికంగా శ్రమించే నూటికి ఒక వంతు సంపాదకుల నుండి యాదృచ్ఛికంగా కొందరిని ఎంచి, వారి పుటలలో ఒక నక్షత్ర చిహ్నాన్ని మెప్పుగా ఉంచారు. అది ఏ విలువా లేని బొమ్మ. 2012లో ప్రకటించిన ఫలితం ప్రకారం, తరువాతి 90 రోజులలో వారి పని మెప్పు పొందనివారి పని కంటె నూటికి 60 వంతులు హెచ్చింది. జర్మన్ వికీపీడియాలో కొత్తవారిపై జరిగిన ఇటువంటి ప్రయోగం ఫలితాలు 2017లో వెలువడినాయి. గుర్తింపు పొందిన కొత్తవారు మరుసటి నెలలో కూడా పనిలో నిలిచే అవకాశం నూటికి 20 వంతులు పెరిగింది. నాలుగు మాటల మెప్పుకు ఇంత ఫలితమా అని ఆశ్చర్యపడవచ్చు. జేమ్స్ మర్రే ఆశ్చర్యపడి ఉండేవాడు కాడు.

తెలుగు మాగాణి

తెలుగువారికి ఈ శ్రమదానం కొత్త కాదు. కంప్యూటర్లలో తెలుగు వ్రాయడం గగనమై ఉన్న 1990 దశకారంభంలో, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగు యువకులు ఆంగ్లాక్షరాలతో తెలుగును కూర్చే ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించి అందరికీ ఉచితంగా పంచారు. ఆ విశ్వవిద్యాలయం పేరే దానికి నిలిచింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైనప్పుడు కూడా తొలి చేతులలో ప్రవాసుల చేతులు ఉన్నాయి. నేడు అందులోని వ్యాసాల సంఖ్య లక్ష దాటింది. 2011 జనాభా లెక్కల ప్రకారం భారతదేశంలోనే తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షల మంది. ఆ భాషకు ఇంత పెద్ద ఉమ్మడి గ్రంథాన్ని ఏ ప్రభుత్వమూ, ఏ ప్రచురణ సంస్థా నిర్మించలేదు; తీరిక వేళలలో కూర్చున్న కొద్దిమంది నిర్మించారు.

ఆ 'కొద్దిమంది' అన్న మాటలోనే ప్రమాదం కూడా ఉన్నది. ఆంగ్లంలో కొత్తవారిని తరిమినది గుంపు. తెలుగులో వారిని తరిమేది ఒంటరితనం. ఒక వ్యాసం వ్రాసి వారం ఎదురు చూసినా, బాగున్నదని గాని బాగులేదని గాని చెప్పే దిక్కు లేకపోతే, ఎవరూ చదవడం లేదని భావించి వెనుదిరిగేవారే ఎక్కువ. మరొకవైపు, ఏళ్ళ తరబడి భారం మోసినవారు అలసిపోతారు. వారిలో ఇద్దరు ముగ్గురు తప్పుకొన్నా కొరత వెంటనే కనిపిస్తుంది. లక్ష్మణరావు పంతులుగారి నాటి చిక్కు మరొక రూపంలో ఇక్కడ పొంచి ఉన్నది.

సంఖ్యను పెంచే అడ్డదారులు కూడా పరీక్షకు నిలువలేదు. తొలి దశాబ్దిలో ఆంధ్రప్రదేశ్ గ్రామాల పేర్లతో వేలాది పుటలను ప్రోగ్రాముల ద్వారా సృష్టించారు. ఊరి పేరు, మండలం, జిల్లా మినహా వాటిలో మరేమీ ఉండేది కాదు. ఆ ఊరివారు వచ్చి నింపగలరన్న ఆశ కొన్ని పుటలలో ఫలించింది, పెక్కింటిలో ఏళ్ళ తరబడి ఎదురుచూపుగానే మిగిలింది. 2009 ప్రాంతంలో గూగుల్ సంస్థ తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషలలోకి వేతన అనువాదకుల చేత, యంత్రసహాయంతో, ఆంగ్ల వ్యాసాలను అనువదింపజేసింది. వ్యాసాలు వచ్చాయి, అనువాదకులు నిలువలేదు. పని ముగియగానే వారు వెళ్ళిపోగా, కృతకమైన ఆ వాక్యాలను సరిదిద్దే భారం స్వచ్ఛంద సేవకుల నెత్తిన పడింది. శిక్షణ శిబిరాలు జరిపిన చోట్ల కూడా ఇదే అనుభవం. శిబిరం జరిగిన రోజున గది నిండా జనం. తరువాత వారిని పేరు పెట్టి పలకరించే మనిషి లేకపోతే నెల తిరిగే సరికి శూన్యం.

ఇటీవల ఈ చిక్కుకు మరొక ముడి పడింది. ప్రశ్న అడిగితే యంత్రమే జవాబు చెప్పే కాలం వచ్చింది. ఆ యంత్రాలు నేర్చుకొన్నది స్వచ్ఛంద సేవకులు వ్రాసిపెట్టిన వ్యాసాల నుండి కూడా. కాని జవాబు యంత్రం దగ్గరనే దొరికితే మూల వ్యాసం దాకా వచ్చే పాఠకులు తగ్గుతారు. వికీపీడియాకు మనుషుల రాకపోకలు అంతకు ముందటి ఏడాదితో పోలిస్తే నూటికి 8 వంతులు తగ్గినట్లు వికీమీడియా ఫౌండేషన్ 2025లో వెల్లడించింది. నేటి పాఠకుడే రేపటి రచయిత. పాఠకుడు రానప్పుడు రచయిత పుట్టడు. ఆంగ్లానికి ఇది నష్టం. వ్రాతలో తక్కువ సంపద గల తెలుగుకు ఇది ఇంకా పెద్ద నష్టం. తెలుగులో మనుషులు వ్రాయని విషయాన్ని యంత్రం తెలుగులో సరిగా చెప్పగలదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

చేయదగినవి

ఈ అనుభవాలన్నిటి నుండి ఏ తెలుగు సంఘమైనా ఆచరించగల సూత్రాలు నాలుగు తేలుతున్నాయి.

మొదటిది, తొలి పని చిన్నదై ఉండాలి. "తెలుగుకు సేవ చేయండి" అన్న పిలుపుకు చప్పట్లు వస్తాయి, చేతులు రావు. "మీ ఊరి చెరువు ఫొటో ఒకటి చేర్చండి", "ఈ వ్యాసంలో ఈ సంవత్సరం తప్పు, దిద్దండి" అన్న పిలుపుకు చేతులు వస్తాయి. ఉడుతాభక్తికి చోటున్నప్పుడే వారధి సాగుతుంది.

రెండవది, తొలి వారంలో ఒక మనిషి జవాబు చెప్పాలి. ఆంగ్ల వికీపీడియావారు 2012లో 'టీహౌస్' అన్న పేరుతో కొత్తవారి సందేహాలకు ఓర్పుగా బదులిచ్చే వేదికను నెలకొల్పారు. అక్కడికి ఆహ్వానం పొందినవారు పొందనివారికంటె కొంత ఎక్కువగా నిలుస్తున్నట్లు తరువాతి పరిశీలనలో తేలింది. పల్లెటూరి అరుగు మీద కొత్త మనిషిని ఎవరబ్బాయివని పలకరించే ఆచారానికి ఇది నూతన రూపం.

మూడవది, దిద్దుబాటు దారి చూపేదిగా ఉండాలి. ఆధారం లేని మాటను తొలగించక తప్పదు. తొలగించిన చేయే ఏ ఆధారం కావాలో ఒక్క వాక్యంలో తెలిపినప్పుడు, నియమమూ నిలుస్తుంది, మనిషీ నిలుస్తాడు.

నాలుగవది, పాతవారి భారాన్ని పంచుకొనేందుకు వారసులను ముందుగానే సిద్ధం చేసుకోవాలి. తల్లిదండ్రులు మోసిన పనిని బిడ్డలకు చూపకుండా, ఆ పై తరంవారు రావడం లేదని చింతించడం వ్యర్థం.

ఈ చివరి విషయంలో ప్రవాస కుటుంబాలకు ఒక సౌలభ్యం ఉన్నది. ఒకే ఇంటిలో ఊరి చరిత్ర, వంటలు, పనిముట్ల పేర్లు, వ్యవసాయపు మాటలు తెలిసిన తాతమ్మలు, తాతయ్యలు కొన్ని నెలలపాటు వచ్చి ఉంటారు. శాస్త్ర సాంకేతిక రంగాలలో పనిచేస్తూ, మంచి గ్రంథాలయాలు అందుబాటులో ఉన్న నడితరంవారు ఉంటారు. కంప్యూటరు మీద చేయి తిరిగిన పిల్లలు ఉంటారు. తెలుగు వ్యాసానికి ఈ ముగ్గురూ కావాలి. తాతయ్య చెప్పగా, తల్లి ఆధారం వెదకగా, మనుమరాలు టైపు చేసిన ఒక వ్యాసంలో భాష పాఠమూ, శాస్త్ర పాఠమూ రెండూ ఇమిడి ఉంటాయి. వారానికి అరగంట చాలు. ఆ పెద్దవారి జ్ఞాపకాలు మాత్రం వారానికి వారం తరిగిపోయే నిధి అని మరువరాదు.

తెలుగువారు ఆరంభశూరులన్న అపవాదు పాతది. పైన చెప్పిన లెక్కలు చూస్తే ఆరంభశూరత్వం ఏ ఒక్క జాతి సొత్తూ కాదని తెలుస్తున్నది. ఆంగ్లేయుల చీటీలు ఎలుకలపాలైనాయి; అమెరికాలో మొలచిన సర్వస్వం ఆరేళ్ళలో ఇరవై వేలమంది సంపాదకులను పోగొట్టుకొన్నది. వచ్చినవారిని ఆదరించే ఏర్పాటు ఉన్న చోట పని సాగింది, లేని చోట ఆగింది. 'అ' దగ్గర ఆగిన గ్రంథం ఈనాడు లక్ష వ్యాసాలుగా తిరిగి లేచి నిలబడి ఉన్నది. అది 'క్ష' దాకా నడవాలంటే మరొక మహాపురుషుని కోసం ఎదురు చూడనక్కరలేదు. ఈ రాత్రి ఎక్కడో ఒక కొత్త చేయి భయపడుతూ ఒక తెలుగు వాక్యాన్ని దిద్ది ఉంటుంది. రేపు ఉదయం దానికి "బాగున్నది, ఇంకా వ్రాయండి" అని బదులు వ్రాసేవారు ఒకరు ఉంటే, ఆ చేయి ఎల్లుండి కూడా వస్తుంది.